పొదుగువాపు: ఇంజెక్షన్ సీసా కన్నా ముందు మిషను రబ్బర్లు చూడండి

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా, పలమనేరు దగ్గర పల్లె. తొమ్మిది హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులున్నాయి. ఏడు పాలిస్తున్నాయి. రెండేళ్ల కిందట పాలు పితికే మిషను తీసుకున్నాం. ఏడాది నుంచి పొదుగువాపు వదలడం లేదు. ఒకదానికి తగ్గిందనుకుంటే ఇంకోదానికి వస్తోంది. ఊళ్లో ఇంజెక్షన్లు వేసే అబ్బాయిని పిలిస్తే మూడు రోజులు ఇంజెక్షన్ వేసి, చన్నులోకి ట్యూబు ఎక్కిస్తాడు. మొదట్లో రెండు రోజులకే నయమయ్యేది. ఇప్పుడు ఐదు రోజులైనా పాలలో గడ్డలు పోవడం లేదు, మందు మారుస్తున్నాడు. పోయిన నెలలో మా పాలలో యాంటీబయాటిక్ ఉందని పాల కేంద్రంలో తిప్పి పంపారు. మా ఆయన ‘కాచితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా’ అంటాడు. మా తమ్ముడికి కోళ్ల ఫారం ఉంది. కోళ్లకి కలిపే మందు పొడి కాస్త దాణాలో వేస్తే రోగమే రాదంటాడు. పక్కూళ్లో కలబంద, పసుపు రాసి తగ్గించుకున్నామంటున్నారు. నాకు అసలు ఈ యాంటీబయాటిక్కే వద్దనిపిస్తోంది. పూర్తిగా మానేయొచ్చా? పారబోసే పాలు దూడలకి తాపొచ్చా?

జవాబు:

అమ్మా, పూర్తిగా మానేయడం కుదరదు, మానేయకూడదు కూడా. పొదుగు రాయిలా గట్టిపడి, 105 డిగ్రీల జ్వరంతో మేత ముట్టకుండా, కళ్లు లోపలికి పోయి ఆవు పడుకుని ఉంటే ఆ పూటే డాక్టరు రావాలి, మందు పడాలి. అలాంటప్పుడు కలబంద ముద్ద నూరుతూ కూర్చుంటే ఆవు దక్కదు. కానీ ఏడాదిగా మీరు వేయించిన ఇంజెక్షన్లలో ఇంత ప్రమాదంలో ఉన్న ఆవుకి పడినవి ఎన్ని ఉంటాయి? మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే బహుశా ఒకటో రెండో. మిగతావన్నీ పాలలో గడ్డలు కనబడగానే వేసినవే. వాటిలో చాలా భాగం తగ్గించుకోవచ్చు. అసలు ఆ రోగం రాకుండానే చూసుకుంటే ఇంకా తగ్గుతాయి.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా తోచింది మిషను సంగతి. రెండేళ్ల కిందట కొన్నారు, ఏడాది నుంచి రోగం వదలడం లేదు. మరి ఈ రెండేళ్లలో చన్నులకి తొడిగే రబ్బరు లైనర్లు ఎప్పుడైనా మార్చారా? మీరు రాయలేదు, మార్చి ఉండరనే నా అనుమానం. మామూలు రబ్బరు లైనరు సుమారు 2,500 సార్లు పితకడానికి పనికొస్తుందని లెక్క. ఒకటే సెట్టుతో మీ ఏడు ఆవుల్ని రెండు పూటలా పితికితే రోజుకి 14 సార్లు. అంటే ఆరు నెలలకే దాని ఆయుష్షు తీరిపోతుంది. ఆ తర్వాత రబ్బరు బిగువు పోతుంది, లోపల సన్నటి పగుళ్లు వస్తాయి. ఎంత కడిగినా ఆ పగుళ్లలో పాల జిడ్డు మిగులుతుంది, దాంట్లో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఒక ఆవు చన్నులోని రోగం తర్వాతి ఆవుకి అదే గొట్టంలోంచి అందుతుంది. బిగువు పోయిన రబ్బరు చన్నుని సరిగా నొక్కి వదలలేదు కాబట్టి చన్ను కొనకి రక్తం ఆడదు. ఒకసారి ఆవుల చన్ను కొనలు వెలుతురులో చూడండి. రంధ్రం చుట్టూ చర్మం గరుకుగా, తెల్లగా, అంచులు విచ్చుకుని కనబడితే మిషను బాధ పెడుతోందని అర్థం. ఆ రంధ్రమే పొదుగుకి తలుపు. అది సరిగా మూసుకోకపోతే ఎన్ని ఇంజెక్షన్లు వేసినా మళ్లీ రోగం లోపలికి పోతూనే ఉంటుంది.

లైనర్లు మార్చేటప్పుడే మిషను కంపెనీ మెకానిక్‌ని పిలిపించి వాక్యూమ్ చూడమనండి. గాలి లాగుడు ఎక్కువైతే ఒక బాధ, తక్కువై ఊగిసలాడితే ఇంకో బాధ. పాలు ఆగిపోయాక కూడా ‘ఇంకో అరలీటరు వస్తుందేమో’ అని మిషను వదిలేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది మానాలి. తీసేటప్పుడు ముందు వాక్యూమ్ ఆపి ఆ తర్వాత గొట్టాలు వదులు చేయాలి. అలాగే లాగేస్తే చన్ను దెబ్బ తింటుంది.

చేత్తో పితికేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. బొటనవేలు లోపలికి మడిచి దాని గణుపుతో చన్ను నొక్కి పితికితే చన్ను లోపలి పొర నలిగిపోతుంది. నిండు పిడికిలితో పితకాలి. చేతికి నూనె, పాలు రాసుకుని లాగడమూ వద్దు.

ఇక గుడ్డ సంగతి. ఏడు ఆవుల పొదుగులకి ఒకే బకెట్టు నీళ్లు, ఒకే గుడ్డ వాడుతున్నారా? అలాగైతే మొదటి ఆవు రోగాన్ని మిగతా ఆరింటికీ మీ చేత్తో మీరే రాస్తున్నట్టు. పొదుగంతా కడిగి నీళ్లు కారుతుండగా మిషను తగిలించడం కూడా మంచిది కాదు. ఆ మురికి నీరు జారి చన్ను కొనకి చేరుతుంది. చన్నులు మాత్రం శుభ్రం చేసి, ఆవుకొక గుడ్డతో పొడిగా తుడవండి. పాత నూలు చీర ముక్కలు చాలు. వాడినవన్నీ మళ్లీ పూటకి వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. మిషను పెట్టేముందు ప్రతి చన్నులోంచి రెండు మూడు ధారలు నల్లటి గిన్నెలోకి పిండి చూడండి. గడ్డలు, నీరులాంటి పాలు, రక్తపు చార ఉంటే అక్కడే తెలుస్తుంది. ఆ ధారలు నేలమీద మాత్రం పిండొద్దు.

పితకడం అయిన వెంటనే ప్రతి చన్నునీ అయోడిన్ మందులో ముంచాలి. టీట్ డిప్ పేరుతో రెడీగా దొరుకుతుంది. అది దొరక్కపోతే 5 శాతం పోవిడోన్ అయోడిన్‌లో కాస్త గ్లిజరిన్ కలిపి వాడొచ్చు. ఎంత పాళ్లలో కలపాలో మీ డాక్టరునే అడగండి. కొన మాత్రం తడిపితే చాలదు, చన్ను మునగాలి. గిన్నెలో మిగిలింది తిరిగి సీసాలో పోయొద్దు. పితికిన తర్వాత అరగంట, ముప్పావుగంట దాకా చన్ను రంధ్రం తెరుచుకునే ఉంటుంది. ఆ సమయంలో ఆవు పేడలో పడుకోకూడదు కాబట్టి దాణా, పచ్చిమేత పితికాకే వేయండి. తింటూ నిలబడుతుంది. మన దగ్గర చాలామంది పితికేటప్పుడే దాణా పెడతారు, పితకడం అయ్యేసరికి అది తినేసి పడుకుంటుంది. దాణా పెడితేనే చేపే ఆవులుంటాయి, వాటికి అప్పుడు కాస్త వేసి మిగతాది తర్వాత వేయండి.

వరస కూడా ముఖ్యమే. తొలిచూలు ఆవులు ముందు, ఆ తర్వాత ఆరోగ్యంగా ఉన్నవి, రోగం ఉన్నది అన్నిటికన్నా చివర. ఆ చివరి దానికి వీలైతే మిషను పెట్టకుండా చేత్తోనే పితికి, చేతులు సబ్బుతో కడుక్కోండి. కొట్టంలో నేల గుంతలు పడి మూత్రం నిలుస్తుంటే సిమెంటు వేసి సరిచేయించండి. ఇవన్నీ మీకు తెలిసిన మాటలే అనిపించొచ్చు. తెలిసినా చాలా కొట్టాల్లో జరగవు, ఎందుకంటే ఇంజెక్షన్ వేస్తే నాలుగు రోజులకి పాలు బాగవుతాయన్న ధీమా ఉంది. మీ ఆవుల విషయంలో ఇప్పుడు ఆ ధీమా పోయింది కదా.

ఇప్పుడు ఏ ఆవులో రోగం దాగుందో తెలుసుకోవాలి. పైకి వాపు, గడ్డలు కనిపించే కేసుల కన్నా ఏమీ కనబడకుండా లోపల ఉండేవే ఎన్నో రెట్లు ఎక్కువ. పాలు కాస్త తగ్గుతాయి, అంతే. మిగతావాటికి రోగం అంటించేవి అవే. దీనికి కాలిఫోర్నియా మాస్టైటిస్ (పొదుగువాపు) టెస్టు ఉంది. నాలుగు గుంతల ప్లాస్టిక్ పళ్లెం, ఒక ద్రావణం, ఇంతే దాని సరంజామా. ద్రావణం దొరక్కపోతే అరలీటరు నీళ్లలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి వాడొచ్చు. నాలుగు చన్నుల పాలూ వేరువేరుగా నాలుగు గుంతల్లో పిండి, అంతే ద్రావణం పోసి గుండ్రంగా తిప్పాలి. పాలు పలచగానే ఉంటే ఆ భాగం బాగుంది. జిగురుగా, గంజిలా చిక్కబడితే అందులో రోగం ఉంది. రోగంతో పోరాడడానికి వచ్చిన తెల్లరక్త కణాలు సబ్బుకి పగిలి అలా జిగురవుతాయి. నెలకోసారి అన్నిటికీ చేయండి. ఈనిన మొదటి వారంలోనూ, పాలు బాగా తగ్గి వట్టిపోబోయే రోజుల్లోనూ ఈ పరీక్ష నమ్మడానికి లేదు, ఆరోగ్యంగా ఉన్నదానికీ జిగురొస్తుంది.

ఇలా పరీక్షలో మాత్రమే దొరికిన వాటికి, అంటే పైకి వాపు గానీ పాలలో గడ్డలు గానీ లేని వాటికి, పాలిచ్చే దశలో యాంటీబయాటిక్ వేయక్కర్లేదు. శుభ్రత, అయోడిన్, పితికే వరస చాలు. జాతీయ పాడి అభివృద్ధి మండలి ఇలాంటి ఆవులకి ట్రైసోడియం సిట్రేట్ పొడి రోజుకి 10 గ్రాములు, పది రోజులు నోటి ద్వారా ఇమ్మంటుంది. అది యాంటీబయాటిక్ కాదు, ఖర్చూ తక్కువ. డాక్టరుని అడిగి ఇవ్వండి.

గడ్డలు కనబడితే ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. దీన్ని మూడు స్థాయిలుగా చూస్తాం. పాలు మాత్రమే పాడై, పొదుగు మెత్తగా, ఆవు హుషారుగా ఉంటే ఒకరోజు ఆగొచ్చు. ఆ ఒకరోజుతో కొంపేమీ మునగదు. ఇలాంటి తేలిక కేసుల్లో చాలావాటికి పాలు పరీక్ష చేస్తే సూక్ష్మజీవులే దొరకవు, ఆవు ఒళ్లే వాటిని గెలిచి ఉంటుంది. ఇంకొన్ని ఇ.కోలై వల్ల వచ్చేవి, అవీ చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పొదుగు కూడా వాచి నొప్పిగా ఉంటే రెండో స్థాయి. అప్పుడు డాక్టరు చూడాలి, నొప్పి వాపు తగ్గే మందు ఇస్తారు. అది మెలాక్సికామ్ లాంటిది. ఇంకో నొప్పి మందు డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడడం 2006లోనే నిషేధించారు, ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోయాయి. ఇప్పటికీ మనుషుల సీసాలు పశువులకి గుచ్చేవాళ్లున్నారు, ఒప్పుకోకండి. మొదట్లో నేను చెప్పినట్టు ఆవే పడిపోతే అది మూడో స్థాయి, దానికి ఆలస్యం పనికిరాదు.

మీ ఆవుల విషయంలో ఇప్పుడు మందు మార్చడం ఆపి, పాలు పరీక్షకి పంపండి. ఏ సూక్ష్మజీవి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో ఆ పరీక్షలో తేలుతుంది. జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలోనో, తిరుపతి వెటర్నరీ కాలేజీలోనో చేస్తారు, మీ పశువైద్యశాల డాక్టరు చీటీ రాసిస్తారు. ఇంజెక్షన్ పడకముందే శాంపిల్ తీయాలి. చన్ను కొన స్పిరిట్ దూదితో బాగా తుడిచి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాలోకి చన్ను తగలకుండా నాలుగు ధారలు పిండి, మూత బిగించి, ఐసు పెట్టెలో ఆ రోజే చేర్చాలి. పేడ చేయి తగిలితే అందులోని సూక్ష్మజీవులే రిపోర్టులో వస్తాయి.

ఐదు రోజులైనా తగ్గకపోవడానికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి, వాడి వాడి మీ కొట్టంలోని సూక్ష్మజీవులు ఆ మందుకి మొండికేసి ఉండొచ్చు. రెండోది, స్టఫైలోకాకస్ ఆరియస్ అనే రకం పట్టి ఉండొచ్చు. అది పొదుగు కండలో చిన్న గడ్డలు కట్టి దాక్కుంటుంది, మందు అక్కడికి చేరదు. పైకి తగ్గినట్టుండి మళ్లీ వస్తుంది. రెండోదానికి ఇంకా పెద్ద మందు వేస్తే లాభం లేదు, డబ్బు పోతుంది అంతే. మీ ఊరి అబ్బాయి వేస్తున్న సీసా పేరు మీరు రాయలేదు. అది సెఫ్‌ట్రయాక్సోన్ అయితే, మనుషులకి ఆస్పత్రిలో ప్రాణాపాయంలో ఎక్కించే మందు అది. ఎన్రోఫ్లాక్సాసిన్ కూడా అలాంటి కోవలోని మందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండు కుటుంబాలనీ మనుషులకి అత్యంత కీలకమైన వాటి జాబితాలో పెట్టింది. వీటితో మొదలుపెట్టడం తప్పు. పరీక్షలో వేరే దారి లేదని తేలినప్పుడే వాటి జోలికి పోవాలి. ఆ అబ్బాయిని తిట్టమని చెప్పడం లేదు, రాత్రిపూట పిలిస్తే పలికేది అతనే. కానీ యాంటీబయాటిక్ ఏది, ఎన్ని రోజులన్నది డాక్టరు చెప్పాలి. 1962కి ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. డాక్టరు రాసిన మందు పాలు తెల్లబడగానే మధ్యలో ఆపేయడం గానీ, రోజుకొకటి మార్చడం గానీ వద్దు.

పొదుగువాపుకే కాదు, ఏ జ్వరం వచ్చినా ఇదే సీసా తీసే అలవాటుంది. మూడు రోజుల జ్వరం, గాలికుంటు, లంపీ చర్మవ్యాధి వైరస్ వల్ల వచ్చేవి. వాటి మీద యాంటీబయాటిక్ ఏమీ చేయదు, పుండ్లలో చీము పడితే తప్ప అవసరం రాదు. సంకర ఆవుల్లో గోమార్ల వల్ల వచ్చే థైలీరియాకి ఇచ్చే మందే వేరు. రక్తం పరీక్ష చేయించకుండా మూడు రోజులు యాంటీబయాటిక్ వేస్తూ ఉంటే ఆ మూడు రోజుల్లో ఆవు రక్తం తగ్గిపోతుంది. ఈనిన ఒకటి రెండు రోజుల్లో మెడ పక్కకి వాల్చి పడిపోయే పాల జ్వరం కాల్షియం లోపం, పేరులో తప్ప అందులో జ్వరమే ఉండదు. టీకాలు మాత్రం మరవొద్దు. గాలికుంటు టీకా, నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకి బ్రూసెల్లా టీకా 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా వేస్తున్నారు.

కలబంద వైద్యం గురించి. అది పుకారు కాదు. తమిళనాడుకి చెందిన పశువైద్య ఆచార్యుడు ఎన్. పుణ్యమూర్తి సంప్రదాయ పద్ధతుల్ని పరీక్షించి కొలతలతో రూపొందించారు, పాడి అభివృద్ధి మండలి దాన్ని ప్రచారం చేస్తోంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరితే ముద్ద ఎర్రగా మారుతుంది. గుప్పెడు ముద్దలో 150 నుంచి 200 మి.లీ. నీళ్లు కలిపి, పాలు పూర్తిగా పిండేసి కడిగిన పొదుగంతా పట్టించాలి. రోజుకి పదిసార్లు, ఐదు రోజులు. దీంతోపాటు నిమ్మకాయలు కోసి తినిపించమంటారు. పూటకోసారి రాసి ‘పనిచేయలేదు’ అనేవాళ్లే ఎక్కువ. పితికేముందు ముద్దంతా కడిగేయాలి, పాలలో పసుపు, సున్నం పడకూడదు. నా అభిప్రాయం అడిగితే, మొదటి స్థాయిలో నిరభ్యంతరంగా వాడండి, రెండో స్థాయిలో డాక్టరు చూస్తుండగా వాడండి. తేలిక కేసుల్లో కొన్ని ఎలాగూ తగ్గేవే కాబట్టి ఘనతంతా ముద్దకే ఇవ్వలేం. అయినా దాంతో ఒకరోజు ఆగే ధైర్యం వస్తుంది, పాలలో మందు అవశేషాల బెడద ఉండదు. అదే పెద్ద లాభం.

మీ తమ్ముడి సలహా మాత్రం వినకండి. ఎదిగిన ఆవుకి నోటి ద్వారా యాంటీబయాటిక్ పొడి పెడితే ముందు దెబ్బతినేది దాని పెద్దపొట్టలోని మేలు చేసే సూక్ష్మజీవులే. గడ్డిని అరిగించేది అవే. మేత మానేస్తుంది, పాలు పడిపోతాయి. ఆ పొడి ఆవులకి ఎందుకు వద్దో అతనికి చెప్పేటప్పుడు కోళ్లకి ఎందుకు వద్దో కూడా చెప్పండి. రోగం లేని పశువులకి, కోళ్లకి ‘ముందు జాగ్రత్త’గా, బరువు పెరగడానికి యాంటీబయాటిక్ ఇవ్వడం ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే చెప్పింది. కోళ్ల మేతలో విరివిగా వాడిన కొలిస్టిన్‌ని మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో ఆహారానికి పెంచే జీవాలన్నిటికీ నిషేధించింది. ఏ మందూ పనిచేయని రోగికి ఆఖరి ఆశగా ఆస్పత్రుల్లో వాడేది అదే. అతని దగ్గరున్న పొడి డబ్బా మీద ఏం రాసుందో ఒకసారి చదవమనండి.

మీ ఆయనకి చెప్పాల్సింది ఇది. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, యాంటీబయాటిక్ మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. పెన్సిలిన్ పడని మనిషి ఆ పాలు తాగితే దద్దుర్లు రావొచ్చు. ఎక్కువ మోతాదులో ఉంటే ఆ పాలకి పెరుగు కూడా సరిగా తోడుకోదు, తోడులోని మేలు బ్యాక్టీరియా చస్తుంది కాబట్టి. పెరుగు బాగా తోడుకుంది కాబట్టి మందు లేదనుకోవద్దు, తక్కువ మోతాదు అలా బయటపడదు. పాల కేంద్రం వాళ్ల భయం కూడా అర్థం చేసుకోండి, ఒక్క ఆవు పాలతో ట్యాంకరంతా పరీక్షలో తప్పొచ్చు. 2018లో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతటా 6,432 పాల నమూనాలు తీస్తే యాంటీబయాటిక్ పరిమితి దాటినవి 77. అంటే మందు లేని పాలు పోయడం ఎక్కువమంది రైతులు చేస్తున్నదే, మనవల్ల కానిదేమీ కాదు.

మందు వేశాక పాలు ఎన్ని రోజులు పోయకూడదన్నది మందు సీసా మీద ఉంటుంది. చాలాచోట్ల చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదివించుకోండి. సీసా మీద రాయకపోతే మన మందుల చట్టం నిబంధనల ప్రకారం చివరి మోతాదు తర్వాత పాలకి కనీసం ఏడు రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. చివరి మోతాదు నుంచి లెక్క, మొదటి ఇంజెక్షన్ నుంచి కాదు. ఒక చన్నులోకే ట్యూబు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ ఆపాలి, మందు రక్తంలో కలిసి మిగతా వాటిలోకీ వస్తుంది. ‘మిగతా మూడు చన్నులు బాగానే ఉన్నాయి కదా’ అని పోసినవాళ్ల పాలే ఎక్కువగా పట్టుబడతాయి. మందు వేసిన ఆవు కాలికో మెడకో ఎర్ర గుడ్డ కట్టండి. ఇంట్లో ఎవరు పితికినా పొరపాటు పడరు.

ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, ఏ ఆవు, ఏ చన్ను, ఏ మందు, ఎన్ని రోజులు, పాలు ఎప్పుడు మళ్లీ పోశారు. నెదర్లాండ్స్‌లో 2009తో పోలిస్తే పదేళ్లు దాటేసరికి పశువులకి అమ్మే యాంటీబయాటిక్ దాదాపు 70 శాతం తగ్గింది. అక్కడ వాళ్లు చేసిన పనుల్లో ముఖ్యమైనది ఇదే: ప్రతి ఫారానికీ ఒక డాక్టరు, వాడిన ప్రతి మందూ లెక్కలో, పక్క ఫారాలతో పోలిక. మనకి ఆ పోలిక చెప్పేవాళ్లు లేకపోయినా, ఆరు నెలల నోటుబుక్కు చూస్తే ఏ ఆవు మీ మందుల డబ్బులో సగం తింటోందో తెలిసిపోతుంది. దాదాపు ప్రతి కొట్టంలోనూ అలాంటిది ఒకటి ఉంటుంది.

ఆ ఆవుని ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. సంతకి తోలి ఇంకొకరికి అంటగడితే ఆ రోగం ఆ ఇంటికి పోతుంది, అది నేను చెప్పను. పరీక్షలో స్టఫైలోకాకస్ అని తేలి, రెండు సార్లు సరైన మందు వాడినా తగ్గకపోతే ఆ ఒక్క భాగాన్ని డాక్టరు చేత శాశ్వతంగా ఎండబెట్టించండి. మూడు చన్నులతో పాలిచ్చే ఆవులు ఊరూరా ఉన్నాయి. దాన్ని చివర్లోనే పితకండి, ఈత అయ్యాక ఉంచుకోవడం లాభమో కాదో లెక్క వేసుకోండి.

మందు బాగా పనిచేసే అదను ఒకటుంది, అది వట్టిపోయే దశ. ఈనడానికి రెండు నెలల ముందు పాలు ఆపేటప్పుడు, పరీక్షలో జిగురొచ్చిన ఆవులకి మాత్రం చన్నులోకి ఎక్కువకాలం పనిచేసే ట్యూబు డాక్టరు చేత వేయించండి. పాలు పోసే పని లేదు, మందు లోపల వారాల తరబడి నిలుస్తుంది. బాగున్న ఆవులకి ‘ఎందుకైనా మంచిది’ అని వేయొద్దు. యూరప్‌లో 2022 నుంచి అలా అన్నిటికీ ఒకేలా వేసేయడం నిషిద్ధం. పాలు తగ్గాక వట్టిపోయే ఆవులకి దాణా పూర్తిగా మానేస్తాం మనం. ఖనిజ లవణ మిశ్రమం మాత్రం ఆపకండి, ఈనాక రోగాన్ని తట్టుకునే శక్తి ఆ రెండు నెలల్లోనే వస్తుంది.

దూడలకి ఆ పాలు తాపొద్దు. కొద్దికొద్దిగా మందున్న పాలు రోజూ తాగితే దూడ పేగుల్లో మందుకి లొంగని సూక్ష్మజీవులే మిగులుతాయి. తర్వాత ఆ దూడకి పారుడు పట్టినప్పుడు వేసిన మందు పనిచేయదు. కాలవలో పోయొద్దు, కుక్కలకి పెట్టొద్దు, కొట్టానికి, బావికి దూరంగా గుంత తీసి పోయండి. దూడలకి మందుల అవసరం తగ్గాలంటే పుట్టిన గంటలోపు జున్నుపాలు పట్టాలి. మొదటి రోజంతా కలిపి దాని బరువులో పదోవంతు. ముప్పై కిలోల దూడకి మూడు లీటర్లు. ‘మాయ పడ్డాక పట్టొచ్చులే’ అని ఆపడం తప్పు. పారుడు పట్టిన దూడకి ముందు కావాల్సింది ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు. హుషారుగా పాలు తాగుతూ ఉంటే చాలాసార్లు అంతకి మించి అక్కర్లేదు.

ప్రస్తుతం మందు పడిన ఆవు పాలు కేంద్రంలో మళ్లీ పోసేముందు, గడువు తీరిన మర్నాడు ఆ ఒక్క ఆవు పాలు చిన్న సీసాలో వేరుగా పట్టుకెళ్లి, వాళ్ల దగ్గరున్న, పాలలో యాంటీబయాటిక్ చూసే స్ట్రిప్పుతో ముందు అదొక్కటి చూడమని అడగండి. ట్యాంకు పాడవకుండా వాళ్లకీ మేలే కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. సీసా మీద రాసిన దానికన్నా ఎక్కువ మోతాదు వేసి ఉంటే, లేదా రెండు మూడు మందులు మారి ఉంటే గడువు తీరినా ఈ పరీక్ష లేకుండా పోయొద్దు. స్ట్రిప్పులో గీత అనుమానంగా వస్తే ఇంకో రెండు రోజులు ఆగి మళ్లీ పట్టుకెళ్లండి.